ఇద్దరూ ఒకే పాట పాడుతుంటే ఓటు ఎవరికి? టెక్సస్ రిపబ్లికన్ ప్రైమరీలో నేను వేసుకునే లెక్క

మా ఆడపడుచు కొడుక్కి సిటిజన్‌షిప్ వచ్చాక ఇదే మొదటి ప్రైమరీ. ఫిబ్రవరి సగం అయ్యేసరికి వాడి పోస్టు డబ్బా అభ్యర్థుల ప్రచార కార్డులతో నిండిపోయింది. ఓ ఆదివారం ఆ కాగితాలన్నీ సంచిలో వేసుకుని ఫ్రిస్కోలో మా ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ మీద కుమ్మరించాడు. "అత్తయ్యా, ఇద్దరూ కన్జర్వేటివ్‌లమే అంటున్నారు. ఇద్దరూ టర్మ్ లిమిట్స్, అంటే ఒకరు ఇన్నిసార్లకి మించి పదవిలో ఉండకూడదన్న నియమం, కావాలంటున్నారు. ఇద్దరూ అక్రమ వలసల్ని ఆపేస్తామంటున్నారు. బొమ్మా బొరుసా వేసుకోమంటావా?" అన్నాడు.

అమెరికా కాంగ్రెస్ దిగువసభ హౌస్‌కి నిలబడ్డ ఇద్దరి కార్డులూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకాయన టోపీ పెట్టుకున్నాడు, ఇంకొకాయన పెట్టుకోలేదు. వెనకాల ఇద్దరికీ అదే ఇనప కంచె, అదే సాయంత్రపు ఎండ.

ఆ రోజు వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను. నేను రిపబ్లికన్ ప్రైమరీలో ఓటేస్తాను. పన్నుల దగ్గర, చిన్న వ్యాపారాల దగ్గర నా ఆలోచన అటే కాబట్టి. మిమ్మల్ని ఇటు లాగడానికి రాయడం లేదు, ఇటు వేద్దామనుకుని తేల్చుకోలేకపోతున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. ఇంకో సంగతి: ఇరవై ఏళ్ళుగా నాది పేరోల్ పని. మొదట ఒక ఐటీ కంపెనీలో, ఇప్పుడు ఇళ్ళ పైకప్పులు వేసే కంపెనీలో. ఇమిగ్రేషన్ ఎన్‌ఫోర్స్‌మెంట్ (వలస చట్టాల అమలు) అనేది మీకు టీవీలో కనిపిస్తుందేమో గానీ, నాకు సోమవారం పొద్దున ఐ-9 ఫారం (కొత్త ఉద్యోగికి ఇక్కడ పనిచేసే అర్హత ఉందని చూసే కాగితం) అయి బల్ల మీదికొస్తుంది.

మన ఊళ్ళలో టికెట్ ఎవరికన్నది హైకమాండ్ తేలుస్తుంది. బీ-ఫారం చేతికొచ్చేదాకా అభ్యర్థికే గుండె దడ. ఇక్కడ ఆ బీ-ఫారం ఇచ్చేది మనం. ప్రైమరీ అంటే అదే. టెక్సస్‌లో పార్టీ సభ్యత్వం నమోదు చేసుకోనక్కర్లేదు. ఓటు వేసే రోజున ఏ పార్టీ బ్యాలట్ కావాలో చెబితే చాలు. సరి సంవత్సరాల్లో మార్చి మొదటి మంగళవారం ప్రైమరీ. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మే నాలుగో మంగళవారం మొదటి ఇద్దరి మధ్య రనాఫ్. మార్చిలో ఒక పార్టీకి వేస్తే ఆ ఏడాది రనాఫ్‌లో రెండో పార్టీకి వేయడానికి లేదు. ఓటరు నమోదు ముప్ఫై రోజుల ముందే అయిపోవాలి. రిపబ్లికన్లు ఎప్పుడూ గెలిచే నియోజకవర్గమైతే నవంబరు పోలింగ్ లాంఛనమే, అసలు పోటీ మార్చిలోనే ముగిసిపోతుంది. మనవాళ్ళు చాలామంది నవంబరులోనే గుర్తు తెచ్చుకుంటారు.

ముందు ఏ కుర్చీకి నిలబడ్డాడో చూడండి

ప్రైమరీ బ్యాలట్ చాంతాడంత ఉంటుంది. అమెరికా సెనేట్ నుంచి కౌంటీ పదవుల దాకా అందరూ ఒకే కాగితం మీద ఉంటారు, అందరి కార్డుల మీదా అవే రెండు నినాదాలు. కానీ ఆ పని చేసే అధికారం ఆ కుర్చీకి ఉందా?

రాష్ట్ర శాసనసభకు నిలబడ్డ మనిషి "కాంగ్రెస్‌కి టర్మ్ లిమిట్స్ తెస్తా" అంటే కొంచెం ఆగండి. ఆర్కన్సా ప్రజలు 1992లో తమ రాష్ట్రంలో అలాంటి నియమమే పెట్టుకున్నారు. 1995లో సుప్రీంకోర్టు 5–4తో కొట్టేసింది. రాష్ట్రాలు విడివిడిగా తమ కాంగ్రెస్ సభ్యులకు గడువు పెట్టలేవు, రాజ్యాంగాన్నే సవరించాలని చెప్పింది. సవరణకు రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు, ఆపైన 38 రాష్ట్రాల ఆమోదం కావాలి. రాష్ట్ర సభ్యుడు చేయగలిగింది ఒకటుంది: సవరణ ప్రతిపాదించే సమావేశం పిలవమని తీర్మానానికి ఓటెయ్యడం. అలాంటి తీర్మానాలు 34 రాష్ట్రాలవి రావాలి. "ఆ తీర్మానానికి ఓటేస్తారా?" అని అడగండి. ఈ మాట వినగానే ముఖం తెల్లబోతే, కార్డు మీద మాటలు ఎవరో రాసిచ్చారని అర్థం.

ఇమిగ్రేషన్ కూడా అంతే. ఎవరిని దేశంలోకి రానివ్వాలి, ఎవరిని పంపెయ్యాలి అన్నది ఫెడరల్ ప్రభుత్వం పని. అరిజోనా సొంతంగా చట్టం చేస్తే 2012లో సుప్రీంకోర్టు అందులో చాలా భాగం కొట్టేసింది. రాష్ట్రం చేతిలో ఉన్నవి ఉద్యోగాలిచ్చే యజమానులు, జైళ్ళు, స్థానిక పోలీసులు. కౌంటీకి ఎన్నికైన పోలీసు అధికారి షెరీఫ్, ఆయన చేతిలో ఉన్నది కౌంటీ జైలు. టెక్సస్‌లో 2017 నుంచే జైళ్ళు ఐస్ (ఫెడరల్ ఇమిగ్రేషన్ అమలు సంస్థ) అధికారుల డిటైనర్లను, అంటే ఫలానా ఖైదీని మాకోసం ఆపి ఉంచమన్న అభ్యర్థనలను, పాటించాలి. జైలు నడిపే షెరీఫ్‌లు ఐస్‌తో ఒప్పందం చేసుకోవాలని 2025లో ఇంకో చట్టం చేశారు. కాబట్టి షెరీఫ్ అభ్యర్థి "ఐస్‌తో కలిసి పనిచేస్తా" అంటే అది వాగ్దానమేం కాదు, ఉద్యోగం. అతన్ని అడగాల్సింది డిప్యూటీలు ఎంతమందిని ఆ పనికి పెడతాడు, గస్తీలో ఎవరు మిగులుతారు అని.

ఇలా జల్లెడ పడితే మావాడి సంచిలో సగం కాగితాలు పక్కకెళ్ళిపోయాయి. మిగిలింది కాంగ్రెస్ హౌస్‌కి నిలబడ్డ ఆ ఇద్దరు.

టర్మ్ లిమిట్స్: ఆ మాటకి ఆయనకేం ఖర్చవుతుంది?

ఏ హామీ అయినా నేను ఒకటే చూస్తాను. అది చెప్పిన మనిషికి ఏం ఖర్చవుతుంది? ఖర్చులేని మాట ఎంత గట్టిగా చెప్పినా మాటే.

"టర్మ్ లిమిట్స్‌కి నేను అనుకూలం" అనడానికి పైసా ఖర్చు లేదు. సవరణ బిల్లు మీద సహ ప్రతిపాదకుడిగా పేరు రాయించుకోవడానికీ లేదు, ఎందుకంటే అది నెగ్గదని అందరికీ తెలుసు. 1994 ఎన్నికల్లో రిపబ్లికన్లు దీన్ని పెద్ద హామీగా చెప్పి గెలిచారు. 1995 మార్చిలో హౌస్‌లో ఓటింగ్ పెడితే 227–204 వచ్చింది. మెజారిటీయే గానీ, మూడింట రెండొంతులకు అరవై ఒక్క ఓట్లు తక్కువ. 2023లో రిపబ్లికన్లకే మెజారిటీ ఉన్న జుడిషియరీ కమిటీలో ఇలాంటి సవరణే గడప దాటలేదు. మా సెనేటర్ టెడ్ క్రూజ్ ప్రతిపాదించే సవరణలో సెనేటర్లకు రెండు టర్ములే. ఆయనే 2024లో మూడో టర్ముకు నిలబడి గెలిచారు. నియమం అందరికీ ఒకేసారి వస్తేనే న్యాయం, ఒక్కడు తప్పుకుంటే ఏం లాభం అన్నది ఆయన వాదన. ఆ వాదనలో పస లేదని నేననను. ఒక్క రాష్ట్రం సీనియర్‌ని ఇంటికి పంపితే నష్టపోయేది ఆ రాష్ట్రమే. కానీ ఆ వాదన మీకు సమ్మతమైతే, అభ్యర్థి టర్మ్ లిమిట్స్ హామీకి మీ లెక్కలో సున్నా వేసుకోవాలి. రెండూ కుదరవు.

ఖర్చయ్యే మాట వేరే ఉంది: "నేను మూడు టర్ములే ఉంటాను, ఫలానా ఏడాది దిగిపోతాను." ఓక్లహోమాలో టామ్ కోబర్న్ 1994లో హౌస్‌కి గెలిచి, మూడు టర్ములన్న మాట మీద నిలబడి దిగిపోయారు. అదే ఏడాది వాషింగ్టన్ రాష్ట్రంలో జార్జ్ నెదర్‌కట్ ఏకంగా స్పీకర్ టామ్ ఫోలీనే ఓడించారు. ఆయన ప్రచారమంతా టర్మ్ లిమిట్సే, మూడు టర్ములే ఉంటానన్నారు. 2000 వచ్చేసరికి నాలుగోసారి నిలబడ్డారు. ఓడ దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న. జనం మళ్ళీ గెలిపించారు కూడా! విస్కాన్సిన్ సెనేటర్ రాన్ జాన్సన్‌దీ ఇదే కథ. రెండు టర్ములే అన్నారు, 2022లో మూడోది గెలిచారు. సొంత గడువు చెప్పినవాడు కూడా మాట తప్పొచ్చు, తప్పితే శిక్ష పడుతుందన్న భరోసా లేదు. అయినా అది రాతలో ఉంటే కనీసం పట్టుకుని నిలదీయడానికి మనకో కాగితం మిగులుతుంది.

అందుకే నేను రెండే ప్రశ్నలు అడుగుతాను. మీ ఆఖరి ఏడాది ఏది, అంకె చెప్పండి. రెండోది: పార్టీ నాయకత్వం ఈ సవరణను సభలో ఓటింగ్‌కి రానివ్వకపోతే డిశ్చార్జ్ పిటిషన్ మీద సంతకం పెడతారా? హౌస్‌లో 218 మంది సంతకం పెడితే నాయకత్వానికి ఇష్టం లేని బిల్లును కూడా సభ ముందుకు లాగొచ్చు. సొంత స్పీకర్ని కాదని సంతకం పెట్టడమంటే మంచి కమిటీ పోవడం, ఫోన్లు ఎత్తేవాళ్ళు తగ్గడం. అదీ ఖర్చంటే.

నా వరకు నాకు టర్మ్ లిమిట్స్ మీద పెద్ద మోజు లేదని కూడా చెప్పేస్తాను. పదహారు రాష్ట్రాల శాసనసభల్లో గడువులున్నాయి. సభ్యులు మారుతుంటే మారనివాళ్ళకు బలం పెరుగుతుంది: సిబ్బందికి, లాబీయిస్టులకు. కొత్త మేనేజరు వచ్చినప్పుడల్లా ఆఫీసు నడిపేది పాత గుమాస్తానే. అదీగాక హౌస్ సభ్యుడికి రెండేళ్ళకోసారి గడువు పెట్టే అధికారం మన చేతిలో ఉండనే ఉంది. 2014లో హౌస్ మెజారిటీ లీడర్ ఎరిక్ కాంటర్‌ని వర్జీనియాలో డేవ్ బ్రాట్ అనే కాలేజీ ప్రొఫెసర్ ప్రైమరీలోనే ఇంటికి పంపించాడు. అప్పుడు పెద్ద గొడవ ఇమిగ్రేషన్ మీదే.

ఎన్‌ఫోర్స్‌మెంట్: కంచె బొమ్మ పక్కన పెట్టి, ఉద్యోగం దగ్గరికి రండి

బోర్డర్ గట్టిగా ఉండాలన్న దగ్గర రిపబ్లికన్ అభ్యర్థుల్లో తేడా వెతకడం దండగ. డబ్బు దగ్గర కూడా పెద్దగా మిగల్లేదు. 2025 జులైలో వచ్చిన చట్టం బోర్డర్‌కీ ఎన్‌ఫోర్స్‌మెంట్‌కీ కలిపి సుమారు 170 బిలియన్ డాలర్లు ఇచ్చింది, అందులో 45 బిలియన్లు నిర్బంధ కేంద్రాలకే. ఇంకా ఇస్తానన్నవాడి కంటే, ఇచ్చినదానికి లెక్క ఎలా అడుగుతాడో చెప్పినవాడు నాకు ముఖ్యం.

తేడా తేలేది పనిచోట. 1986లో రేగన్ సంతకం చేసిన చట్టం ఒక చేత్తో సుమారు 27 లక్షల మందికి చట్టబద్ధత ఇచ్చింది, ఇంకో చేత్తో యజమాని మీద బాధ్యత పెట్టింది. నేను నింపే ఐ-9 అక్కడి నుంచే వచ్చింది. కొత్త మనిషి చేరిన మొదటి రోజుకల్లా పై భాగం అతను నింపాలి, మూడు పని రోజుల్లో కాగితాలు చూసి కింది భాగం నేను నింపాలి. ఏ కాగితం తేవాలో నేను చెప్పకూడదు. జాబితాలో ఉన్నవాటిలో తనకు నచ్చినవి తెస్తాడు. చూడ్డానికి అసలుదిలా ఉంటే నేను ఒప్పుకోవాలి. నేను పేరోల్ చేసేదాన్ని, దొంగనోట్లు పట్టేదాన్ని కాదు కదా. అదే ఈ పద్ధతిలో చిల్లు.

ఆ చిల్లు పూడ్చడానికే ఈ-వెరిఫై, అంటే కొత్త ఉద్యోగి వివరాలను ప్రభుత్వ రికార్డులతో ఆన్‌లైన్‌లో సరిపోల్చే పద్ధతి. ఇది మనవాళ్ళకి కొత్త కాదు. స్టెమ్ ఓపీటీ (సైన్స్, ఇంజినీరింగ్ చదివినవాళ్ళు స్టూడెంట్ వీసా మీదే పనిచేసే అనుమతి) 24 నెలల పొడిగింపు కావాలంటే కంపెనీ ఈ-వెరిఫైలో ఉండాలని మాస్టర్స్ చేసే ప్రతి పిల్లాడికీ తెలుసు. అరిజోనా 2007లోనే యజమానులందరికీ తప్పనిసరి చేసింది, సుప్రీంకోర్టు 2011లో సరేనంది. ఫ్లోరిడా 2023లో పాతికమంది, ఆపైన ఉన్న ప్రైవేటు కంపెనీలకు పెట్టింది. బోర్డర్ గురించి ఇంత మాట్లాడే టెక్సస్‌లో ప్రైవేటు కంపెనీలన్నిటికీ తప్పనిసరి కాదు! ఎందుకంటారా? పైకప్పు వేసేది ఎవరు, కోళ్ళ ఫ్యాక్టరీలో కోసేది ఎవరు, ఇళ్ళు కట్టేది ఎవరు, ప్రచారానికి చందాలిచ్చేది ఎవరు, ఆలోచించుకోండి. కంచె కడతానంటే ఏ దాతకీ కోపం రాదు. ఈ-వెరిఫై అంటే వస్తుంది. మళ్ళీ అదే ప్రశ్న: ఖర్చు.

అయితే ఇక్కడో జాగ్రత్త. ఈ-వెరిఫై వద్దన్నవాడు ప్రతివాడూ దాతలకు అమ్ముడుపోయినట్టు కాదు. 2023 మేలో హౌస్ హెచ్.ఆర్.2 అనే బోర్డర్ బిల్లును 219–213తో నెగ్గించింది, అందులో ఈ-వెరిఫై తప్పనిసరి. అడ్డం ఓటేసిన రిపబ్లికన్లు ఇద్దరే. కాలిఫోర్నియా రైతు జాన్ డుయార్టే ఒకరు, కెంటకీ థామస్ మ్యాసీ ఇంకొకరు. మ్యాసీ అభ్యంతరం సిద్ధాంతం మీద: పౌరుడు పని చేసుకోవాలంటే ప్రభుత్వాన్ని అనుమతి అడగాలా అని. ఆ మాట నాకు కొట్టిపారేయాలనిపించదు, కారణం చెబుతాను.

ఐటీ కంపెనీలో ఉన్నప్పుడు కరీంనగర్ అబ్బాయి ఒకడు ఓపీటీ మీద చేరాడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా రెండో గడిలో ఉంది. మనవాళ్ళలో ఇది మామూలే. వీసా మీద అది తిరగబడి ఇంటిపేరయింది, పేరు చోట ఎఫ్.ఎన్.యు. (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడింది. సోషల్ సెక్యూరిటీ కార్డులో ఇంకో రకం. ఈ-వెరిఫైలో వేస్తే "మిస్‌మ్యాచ్" అని పసుపురంగులో వచ్చింది. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎనిమిది ఫెడరల్ పని దినాల్లో వాడు ప్రభుత్వ ఆఫీసుకు వెళ్ళి సరిచేసుకోవడం మొదలుపెట్టాలి, ఆ లోపల ఉద్యోగంలోంచి తీసేయడానికి గానీ పని ఆపడానికి గానీ వీల్లేదు. మా మేనేజరు మాత్రం "తేలేదాకా ఇంట్లో ఉండమను" అన్నాడు. నోటీసు మీద ఉన్న వాక్యం చూపిస్తే గానీ వినలేదు. ఆరో రోజుకి సర్దుకుంది. ఆ వాక్యం చదివేవాళ్ళు అక్కడ లేకపోతే? ఇంకోవైపు, నిజమైన మనిషి నిజమైన కాగితాలు అరువు తెచ్చుకుని చేరితే ఈ యంత్రం పట్టుకోలేదు.

అందుకని అభ్యర్థిని "ఈ-వెరిఫైకి అనుకూలమా?" అని అడిగి వదలకండి. ఎంతమంది ఉద్యోగులున్న కంపెనీ నుంచి? పొలాలకి మినహాయింపు ఇస్తారా? పొరపాటున చిక్కుకున్న సిటిజన్‌కీ వీసా మనిషికీ ఎన్ని రోజుల్లో తేల్చాలి? హెచ్.ఆర్.2కి మీరైతే ఎటు వేసేవారు? సిట్టింగ్ సభ్యుడైతే ఆ ఓటు కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో రోల్‌కాల్‌గా (ఎవరు ఎటు వేశారన్న జాబితాగా) ఉంటుంది, కార్డు కంటే ముందు అది తీసి చూడండి.

లీగల్ ఇమిగ్రేషన్ గురించి విడిగా అడగాలి, ఈ రెంటినీ కలిపి వండేవాళ్ళున్నారు. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి తీసే బిల్లు 2019లో హౌస్‌లో 365–65తో నెగ్గింది. సెనేట్‌లో దాన్ని మోసింది యూటాకి చెందిన గట్టి కన్జర్వేటివ్ మైక్ లీ. రెండు సభల పాఠాలు కలవక ఆగిపోయింది. కాబట్టి కన్జర్వేటివ్ అయితే మనకి వ్యతిరేకమనీ, అనుకూలమనీ ముందే అనుకోకండి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు పెట్టినప్పుడు మీ అభ్యర్థి ఏమన్నాడు, ఏమనకుండా తప్పుకున్నాడు? మా మరిది ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు వరసలో చేరిన తేదీ) 2015. నాకిది ఊరికే పోయే ప్రశ్న కాదు.

ఇక తూకం

మావాడి చేత ఇద్దరి ఆఫీసులకూ ఈ ప్రశ్నలతో మెయిల్ పెట్టించాను. టోపీ ఆయన ఆఫీసు నుంచి వెంటనే జవాబొచ్చింది, పాతిక డాలర్లు చందా ఇమ్మని. మరుసటి వారం ఒక కమ్యూనిటీ సెంటర్‌లో ఆయనే దొరికితే మావాడు నేరుగా అడిగాడు. మూడు టర్ములే, రాసిస్తానన్నాడు. ఈ-వెరిఫై అనగానే "బోర్డర్ ముందు" అని మాట మార్చాడు. రెండో ఆయన ఆఫీసు నాలుగు రోజులకు రాసింది. సొంత గడువు పెట్టుకోనని సూటిగా ఒప్పుకున్నారు. ఈ-వెరిఫై మాత్రం పాతికమంది నుంచి మొదలుపెట్టాలి, మిస్‌మ్యాచ్ ఆలస్యమైతే జీతం నష్టం ప్రభుత్వమే భరించాలి అన్నారు.

నేనైతే రెండో ఆయన. సవరణ దగ్గర్లో వచ్చేది కాదు, ఆ హామీని మనిషి నిజాయతీకి కొలతగానే చూస్తాను. ఎన్‌ఫోర్స్‌మెంట్ మీద ఓటు ప్రతి బడ్జెట్‌కీ వేయాలి. మావాడి లెక్క వేరు. "రాసిస్తానన్న మాట ఉంది కదత్తయ్యా, రెండోది నేను వెంటపడి సాధిస్తా" అన్నాడు. వాడి ఓటు వాడిది. బొమ్మా బొరుసా కంటే నయం.

ఆఖరి మాట బూత్ గురించి. మొదటిసారి నేను పేర్లన్నీ ఫోన్లో రాసుకుని వెళ్ళాను. టెక్సస్‌లో ఓటింగ్ యంత్రాలకి వంద అడుగుల లోపల ఫోన్ వాడకూడదు. పోలింగ్ దగ్గరున్న ఆవిడ మర్యాదగానే జేబులో పెట్టించింది. పైన రెండు పేర్లు గుర్తున్నాయి, కింద ముప్ఫై పదవులకి చీకట్లో బాణాలు వేశాను. కౌంటీ ఎన్నికల వెబ్‌సైట్‌లో మీ అడ్రసు కొట్టి శాంపిల్ బ్యాలట్ ప్రింట్ తీసుకుని, దాని మీద పెన్నుతో గుర్తులు పెట్టుకుని వెళ్ళండి. కాగితం తీసుకెళ్ళొచ్చు. అడ్రసు కొట్టే తీరాలి, ఫ్రిస్కో అన్నంత మాత్రాన అందరికీ ఒకే బ్యాలట్ రాదు. సగం ఊరు కాలిన్ కౌంటీ, సగం డెంటన్. ఎర్లీ ఓటింగ్‌లో వెళితే లైను తక్కువ, డ్రైవర్ లైసెన్సు మర్చిపోవద్దు.

మే నెల రనాఫ్ తేదీ కూడా ఇప్పుడే క్యాలెండర్‌లో రాసుకోండి. అప్పటికి పిల్లలకి సెలవులొస్తాయి, సగంమంది ఇండియా టికెట్లు కొనుక్కుని ఉంటారు.